ఇసుకరాయిలో గాలి దిక్కు కూడా ఉంది

సంపాదకుడు గారికి నమస్కారాలు.

మా గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా పేరు తెలుగు పత్రికల్లో కనిపించిందంటే అది ప్రాణహిత వరద గురించో, మా తాలూకాలోని వడధం ఊరి శిలాజాల గురించో అయి ఉంటుంది. మా పక్కనున్న కోట గ్రామం పేరు భూగర్భశాస్త్రానికి ఎక్కిందనీ, హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరానికి ఆ పేరే పెట్టారనీ ఇక్కడి పిల్లలు గర్వంగా చెప్పుకుంటారు. ఎముక దొరకని రాయిని మాత్రం ఎవరూ పట్టించుకోరు. కోట్ల ఏళ్ల కిందటి గాలి ఎటు వీచిందో చెప్పగల సాక్ష్యం ఇసుకరాయి పొరల్లో ఉండవచ్చునన్న సంగతి మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వేసవి సాయంత్రాల్లో ప్రాణహిత ఒడ్డున పొడి ఇసుక మీద కాసేపు కూర్చుంటే ఈ సంగతి కళ్లారా చూడవచ్చు. గాలికి రేణువులు చిన్న చిన్న గెంతులతో దిబ్బ వాలు మీదుగా పైకి పాకుతాయి. అంచు దాటాక అవతలి వైపు పోగుపడి, ఆ పోగు నిలవలేనంత నిటారుగా కాగానే ఒక్కసారిగా జారిపోతుంది. పొడి ఇసుక సుమారు 32 నుంచి 34 డిగ్రీల వాలుకు మించి నిలవదు. ఇంటి ముందు లారీ దించిన ఇసుక కుప్ప ఆరాక కూడా ఆ వాలులోనే ఆగుతుంది. అలా జారిన పొర మీద పొర పడి, కాలక్రమంలో గట్టిపడి రాయి అయితే, ఆ ఏటవాలు పొరలు గాలి వెళ్లిన దిక్కుకే వంగి ఉంటాయి.

1937లో షాటన్ అనే శాస్త్రజ్ఞుడు మధ్య ఇంగ్లండులోని ఎర్ర ఇసుకరాళ్లలో ఈ వాలులను కొలిచి, నేడు ప్రధానంగా పడమటి గాలులు వీచే ఆ నేల మీద ఒకప్పుడు తూర్పు గాలి వీచిందని తేల్చాడు. అమెరికాలోని యూటాలో, జురాసిక్ కాలపు నవాహో ఇసుకరాయిలో, ఏటేటా మారిన గాలుల గుర్తులు వరుసగా కనిపిస్తాయి. వాటి మధ్య వానకు తడిసి జారిన ఇసుక ఆనవాళ్లను చూసి, ఆ ఎడారిలో రుతుపవనాల వానలు కురిసేవని లూప్ అనే భూగర్భశాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 2001లో వివరించారు. ఎడారి రాతిలో వాన జాడ దొరకడం నన్ను ఎంతో కదిలించిన విషయం.

అంత దూరం వెళ్లనక్కరలేదు. మా ప్రాణహిత–గోదావరి లోయలోనే సుల్లవాయి శ్రేణి అనే రాతిపొరల సముదాయానికి చెందిన వెంకట్‌పూర్ ఇసుకరాయిని అతి ప్రాచీనమైన ఇసుక ఎడారి మిగిల్చిన నిక్షేపంగా గుర్తించారు. నేల మీద చెట్టూ చేమా ఇంకా పుట్టని రోజులవి. ఇసుకను పట్టి ఉంచే వేళ్లు లేనప్పుడు ఒక మోస్తరు వాన పడే చోట కూడా గాలి దిబ్బలు కట్టగలదు కాబట్టి, దిబ్బ కనబడినంత మాత్రాన ఆ కాలమంతా కరవు కాలమని చెప్పడం తొందరపాటవుతుంది. పైగా ఏటవాలు పొరలన్నీ గాలివి కావు, నది కూడా అలాంటివి వేస్తుంది. గులకరాళ్లు, బంకమట్టి, అభ్రకపు రేకులు దండిగా ఉంటే నదిని అనుమానించాలి. సన్నరేణువుల మీద ముతకరేణువులు పేరుకున్న పలుచని పొరలు మళ్లీ మళ్లీ కనిపిస్తే గాలిని తలచుకోవాలి. ఒక్క దిబ్బే నెలవంకలా వంగి ఉండవచ్చు కనుక ఒక కొలత చాలదు, అనేక చోట్ల కొలవాలి. భూఖండాలు కదిలి, తిరిగి ఉన్నందున, నేటి దిక్సూచి చూపే దిక్కును రాతిలోని ప్రాచీన అయస్కాంత గుర్తులతో సరిచేసుకుంటేనే నాటి గాలి దిక్కు తెలుస్తుంది.

రెండేళ్ల కిందట మా ప్రాంతంలో రాయి తవ్విన ఒకచోట నిలువెత్తు కోతలో ఇటువంటి పొరలను చూశాను. అవి నదివో గాలివో తేల్చగలవారిని వెంటబెట్టుకుని వెళ్లేలోగా ఆ రాయి పునాదులకు తరలిపోయింది. క్వారీలు ఆపాలని నేను కోరడం లేదు, వాటి మీద బతికే కుటుంబాలు మా మధ్యనే ఉన్నాయి. కొత్త కోత పడినప్పుడు పని సాగకముందే ఒక పూట గడువిచ్చి, దగ్గరి కళాశాల విద్యార్థుల చేత ఫొటోలు తీయించి, పొరల వాలునూ దిక్కునూ నమోదు చేయించే ఏర్పాటును మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రాల గనుల శాఖలు చేయాలని కోరుతున్నాను. అందుకు కావలసినవి ఒక దిక్సూచి, వాలు కొలిచే సాధనం, ఒక నోటుపుస్తకం మాత్రమే. వడధంలో శిలాజాల పక్కనే వాటిని దాచిన రాతిపొరల గురించి కూడా మరాఠీలోనూ తెలుగులోనూ బోర్డులు పెట్టించాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర