వార్షిక నివేదిక: మన తెలుగు సంఘం, ఈ ఏడాది జరిగిన పనులు

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్, సౌత్ షీల్డ్స్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగు కుటుంబాల సంఘం గడిచిన ఏడాదిలో చేసిన పనులను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాను.

ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి అన్నీ జరుపుకున్నాం. ఉగాది పచ్చడికి వేపపువ్వు ఊరి నుంచి మోసుకొచ్చిన కుటుంబానికి, వంట బాధ్యత తీసుకున్న అక్కయ్యలకు, సౌండ్ సిస్టమ్ ఉచితంగా ఇచ్చిన సోదరుడికి పేరుపేరునా ధన్యవాదాలు. బతుకమ్మకు వారం ముందు హాలు ఇవ్వలేమన్నారు. డబ్బు కట్టి రసీదు తీసుకున్నాక ఆ మాట! మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదు. ఆ వారం పడ్డ టెన్షన్ కమిటీ వాళ్ళకే తెలుసు. చివరికి ఒక సభ్యురాలు తమ పెరటి తోట ఇచ్చి ఆదుకున్నారు. ఆమె రుణం తీర్చుకోలేం.

ఈ ఏడాది అన్నిటికంటే సంతోషపెట్టిన పని, తెలుగు బడి పిల్లల్ని సౌత్ షీల్డ్స్‌లోని అర్బేయా రోమన్ కోట మ్యూజియంకు తీసుకెళ్ళడం. పక్కనే ఉన్నా మనలో చాలామందిమి లోపలికి అడుగుపెట్టలేదు. పేర్లు ఇచ్చింది 38 మంది, వచ్చింది 23 మంది. మెట్రో దిగి నడుచుకుంటూ వెళ్ళాం. టైన్ నది సముద్రంలో కలిసే చోట గుట్ట మీద ఉంది కోట. రోమన్లు బ్రిటన్‌లో తమ ఉత్తర సరిహద్దున కట్టిన హేడ్రియన్ గోడ వెంట ఉన్న సైన్యానికి సరుకులు ఇక్కడి నుంచి వెళ్ళేవి. క్రీ.శ. 208 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి సెవెరస్ స్కాట్లాండ్ మీదికి దండెత్తినప్పుడు ఇందులో 20కి పైగా ధాన్యపు గాదెలు ఉండేవి. గాదె అంటే పిల్లలకు తెలియలేదు. తడి తగలకుండా నేలను ఎత్తు చేసిన ఆ పునాదుల దగ్గర నిలబడి, మనతో వచ్చిన పెద్దాయన ఒకరు తమ ఊళ్ళో గాదె కింద రాళ్ళు పేర్చే పద్ధతి చెప్పారు. పిల్లలు వెంటనే అందుకున్నారు.

మ్యూజియం చిన్నదే. అందులో రెజీనా సమాధి రాయి ముందు మేము అరగంట నిలబడిపోయాం. ఆమె దక్షిణ బ్రిటన్‌లోని కాటువెల్లౌనీ తెగ స్త్రీ. బానిసగా ఉన్న ఆమెను సిరియాలోని పాల్మైరా నుంచి వచ్చిన బరేట్స్ విడిపించి పెళ్ళి చేసుకున్నాడు. 30 ఏళ్ళకే ఆమె పోయింది. రాతిమీద ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది. ఒడిలో కదురు, పక్కన నూలు ఉండల బుట్ట, ఇంకో పక్క నగల పెట్టె. ముఖం మాత్రం చెదిరిపోయింది. కింద లాటిన్‌లో రాసిన దాంట్లో వ్యాకరణం తప్పులున్నాయట. దాని కింద ఒకే ఒక్క వరుస పాల్మైరా లిపిలో, అతని సొంత భాషలో ఉంది: 'రెజీనా, బరేట్స్ విడిపించిన స్త్రీ, అయ్యో'. ఆ వరుస అక్షరాలు పొందికగా ఉన్నాయి.

"ఇక్కడ ఆ భాష ఎవరికి వచ్చు? మరి ఎవరి కోసం రాశాడు?" అని ఎనిమిదేళ్ళ పాప అడిగింది. పెద్దవాళ్ళం ఎవరమూ వెంటనే మాట్లాడలేకపోయాం.

అదే గదిలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన విక్టర్ రాయి కూడా ఉంది. 20 ఏళ్ళ కుర్రాడు. తర్వాతి కాలంలో టైగ్రిస్ నది పడవవాళ్ళ దళం కూడా ఈ కోటలో ఉందట. రోమన్ నాణేలు చూస్తున్నప్పుడు పెద్దాయనే మళ్ళీ గుర్తుచేశారు: నల్గొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయని, మన 'దీనారం' అన్న మాట రోమన్ల 'డెనారియస్' నుంచే వచ్చిందని. తర్వాత సముద్రపు గాలిలో గడ్డి మీద కూర్చుని పులిహోర, దద్దోజనం తిన్నాం.

ఆ వారం బడిలో పిల్లలందరినీ ఒక్క వరుస తెలుగులో, తమకు ఇష్టమైన మనిషి గురించి రాయమన్నాం. 14 మంది రాశారు. ఎప్పుడూ తెలుగు రాయనని మొండికేసే అబ్బాయి కూడా తాతయ్య గురించి రాశాడు. 'ఋ' రాక మూడుసార్లు కొట్టేసి దిద్దాడు. ఆ కాగితాలు ఈ సమావేశంలో గోడకు అంటించాం, దయచేసి చూడండి. మ్యూజియం సిబ్బంది ఓపికకు, బడి టీచర్లకు ప్రత్యేక కృతజ్ఞతలు.

జమాఖర్చులు కోశాధికారి గారు సరిచూసి ఇచ్చారు, కాగితం అందరికీ పంచాం. ఆదాయం కంటే ఖర్చు మించలేదు. చందా ఇంకా కట్టనివాళ్ళు ఈ నెలలో కట్టాలి.

ఒక్క విషయం బాధగా చెప్పాల్సి వస్తోంది. సంక్రాంతికి స్వచ్ఛందంగా పనిచేస్తామని 12 మంది పేర్లు ఇచ్చారు, నలుగురే వచ్చారు. ఆ నలుగురే రాత్రి పదకొండుకు కుర్చీలు సర్ది, నేల ఊడ్చి వెళ్ళారు. తెలుగు బడికీ ఇదే పరిస్థితి. ఇద్దరు టీచర్లతో ఇంకో ఏడాది నడపడం కష్టం.

వచ్చే ఏడాది పిల్లల్ని హేడ్రియన్ గోడ దగ్గర్లోని మరో రోమన్ స్థావరం కోర్‌బ్రిడ్జ్‌కు తీసుకెళ్ళాలని కమిటీ తీర్మానించింది. అక్కడ దొరికిన ఒక సమాధి రాయి మీద 68 ఏళ్ళ పాల్మైరా మనిషి పేరు ఉంది. అతను మన బరేట్సే కావచ్చని కొందరు పండితులు అంటారు. పిల్లలు ఆ రాయి చూపించమని ఇప్పటి నుంచే అడుగుతున్నారు. కారు ఉన్న నలుగురు, బడికి ఇద్దరు టీచర్లు కావాలి. పేర్లు ఈ రోజే నాకు ఇవ్వండి.

కార్యదర్శి