ఎడమ అద్దం సంగతి

హన్మకొండ
ఆదివారం పొద్దున

చిన్నోడా,

ఇంట్ల అందరం మంచిగున్నం. బాపు మోకాలు అట్లనే ఉంది, నూనె రాస్తనంటే వద్దంటడు. నువ్వు ఫోన్ ఎత్తక ఇయ్యాల్టికి 19 రోజులు. లెక్క పెట్టుకుంట కూసోలేదు, క్యాలెండర్ ఎదురుంగనే ఉంటది. మంచిర్యాల చిన్నమ్మ ఉప్పల్ కాడ నీ కారు చూసిందట. ఎడమ అద్దం సగం దిగి ఆగిందట, పైన పాలిథిన్ కవర్ టేపేసి ఉందట. ఆ సీట్ల ఎవరో కూసున్నరని గూడ అన్నది. అది నాకెందుకు, నేను అద్దం గురించే రాస్తున్న.

ఎవలన్నా అద్దం లేపే మోటర్ పోయిందంటే నమ్మి కొనకు. ముందుగాల చెవి పెట్టి విను. నీ డోర్ మీది స్విచ్ ఒకసారి, ఎడమ డోర్ మీదిది ఒకసారి నొక్కు. ఒకదాంతోని లేచి ఇంకోదాంతోని లేవకుంటే మోటర్ మంచిదే, తప్పు స్విచ్‌లనో దాని వైర్లనో ఉంటది. నీ దిక్కు లాక్ బటన్ నొక్కి ఉంటే పక్క స్విచ్ పని చెయ్యదు, అది గూడ చూస్కో. మోటర్ బుర్రుమని తిరిగినా అద్దం కదలకుంటే, డోర్ లోపల అద్దాన్ని ఎత్తి దించే మిషన్ కేబుల్ తెగింది, లేకుంటే అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క విరిగింది.

చప్పుడే లేకుంటే రాత్రిపూట లోపలి లైట్ వేసి స్విచ్ నొక్కు. లైట్ కొంచెం మసకబారితే మోటర్ దాకా కరెంట్ పోతున్నది, అద్దమో మోటరో ఎక్కడనో బిగుసుకుంది. అస్సలు మసకబారకుంటే ఫ్యూజో, స్విచ్చో, వైరో, మోటర్ లోపల కరెంట్ అందిచ్చే కార్బన్లు అరుగుడో. స్విచ్ నొక్కిపట్టి డోర్ మీద పిడికిలితోని గుద్దితే కదిలిందనుకో, ఎక్కువ శాతం కార్బన్లే. ఫ్యూజ్ 20 అయినా 30 అయినా, మూత మీద ఎంత రాసుంటే అంతదే వెయ్యి. పెద్దది వేస్తే వైరే ఫ్యూజయి కూసుంటది.

కాజీపేట మామ కారు సంగతి నీకు పూర్తిగ తెల్వది. స్విచ్ మార్చిండ్రు, నాలుగు రోజులు నడిచింది. మోటర్ మార్చిండ్రు, వారం నడిచింది. మామ ఆ మెకానిక్కును తిట్టి, ఇంకొకని దగ్గరికి పోయి, వాన్ని గూడ తిట్టిండు. ఒకరోజు అత్త డోర్ బార్లా తెరుచుకొని, కూరగాయల సంచి ఒళ్లె పెట్టుకొని, ఊకెనే స్విచ్ నొక్కితే అద్దం సర్రున లేచింది. డోర్ మూస్తే మళ్ల బంద్. అప్పుడు తెల్సింది. డోర్‌కూ బాడీకీ నడుమ కబ్జాల కాడ రబ్బర్ గొట్టం ఉంటది సూడు, డోర్ తీసినప్పుడల్లా అందులున్న వైర్లు వంగుతయి. పైన తొడుగు మంచిగనే కనపడ్తది, లోపల రాగి తీగలు తెగుతయి. మార్చిన ప్రతిసారి వైర్లు కదిలి అంటుకున్నయి, అందుకే బాగైనట్టు అనిపించింది. అదే మందం వైరు ముక్క కొంచెం ఒదులుగ కలిపి, సోల్డర్ పెట్టి పైన స్లీవ్ గొట్టం వెయ్యాలె. అతుకు వంగే చోట రావద్దు. ఉత్తగ మెలేసి టేప్ చుడితే నెలకే మళ్ల మొదటికొస్తది.

నీది సగంల ఆగిందంటే నా అనుమానం దుమ్ము మీద. మేడారం పోయొచ్చినంక కడిగించినవా? అద్దం జారే రబ్బర్ గాడి, అదే బీడింగ్ చానల్, దాంట్ల మట్టి పట్టితే అద్దం బిగుస్తది, మోటర్ వేడెక్కి దానంతటదే ఆగుతది, సల్లారినంక మళ్ల నడుస్తది. చానల్ తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టు. గ్రీజు, ఇంజన్ ఆయిల్ వద్దు, రబ్బర్ ఉబ్బుతది. అద్దాన్ని రెండు అరచేతుల నడుమ పట్టి పైకి లేపుతుంటే ఇంకొకరు స్విచ్ నొక్కాలె. ఇద్దరి పని అది. నీ పక్కన మనిషి ఉన్నట్టే గద.

డోర్ లోపలి ప్యాడ్ ఇప్పాల్సి వస్తే బ్యాటరీ నెగటివ్ తియ్యి, అద్దాన్ని పై ఫ్రేముకు టేపుతోని గట్టిగ అంటియ్యి. జారి పడిందంటే వేళ్లు పోతయి. హ్యాండిల్ ఎనుక స్క్రూలు మర్చిపోయి గుంజితే ప్యాడ్ విరుగుతది. లోపలి ప్లాస్టిక్ షీట్ చింపకు, మళ్ల గాలి చొరకుంట అంటియ్యి. డోర్లకు వాన నీళ్లు వచ్చుడు మామూలే, కింద తూముల నుంచి పోతయి. షీట్ లేకుంటే నీళ్లు కాళ్ల కాడికొస్తయి, అవి నీ కాళ్లు గావు, ఎడమ సీట్ల కూసునేటోళ్లవి.

మీటర్ పెట్టాల్నంటే నెగటివ్ మళ్ల తగిలియ్యి, చేతులు మిషన్ల పెట్టకు. వైర్లను మోటర్‌కు కలిపే కప్లర్ మోటర్‌కు ఉండంగనే ఎనుక నుంచి రెండు వైర్ల మీద పెట్టి స్విచ్ నొక్కు. 12 వోల్టుల దాకా వచ్చి, అద్దం బిగుసుకోకున్నా మోటర్ తిరగకుంటే అప్పుడు కొను. రెండు వైర్లకంటే ఎక్కువుంటే బ్యాటరీ నుంచి నేరుగ కరెంట్ ఇయ్యకు, లోపలి బోర్డు కాలుతది.

ఆ సీటు బాగ ముందుకు జరిపి ఉందని గూడ చిన్నమ్మ అన్నది. నీ దోస్తులందరు తాటిచెట్లంత ఉంటరు, వాళ్లెవలూ అట్ల కూసోరు. ఊకె అంటున్న.

వచ్చే ఆదివారం కారు తీస్కరా, షాపుల చూద్దం. తొవ్వల రఘునాథపల్లి కాడ ఆగి చాయ తాగు, కండ్లు మూతపడంగ నడపకు. సర్వపిండి చేస్త. ఇద్దరికి చెయ్యాల్నా ముగ్గురికి చెయ్యాల్నా నలుగురికా, శనివారం లోపల ఫోన్ చేసి చెప్పు. కవర్ టేప్ ఎండల గుంజకు, జిగురు అద్దానికే ఉండిపోతది. పొద్దుగూకినంక తియ్యి.

అమ్మ