శ్రావణం నుంచి మన స్టూడియోలో నిశ్చితార్థం షూట్లు ఇలా ఉంటాయి

అందరికీ నమస్కారం. ఈ ఏడాది అధిక జ్యేష్ఠం రావడంతో నెల రోజులు పెళ్లి పనులు లేవు. ఇప్పుడు ఆషాఢం. ఈ ఖాళీలో నేనూ మా తమ్ముడూ కూర్చుని గత రెండేళ్లలో తీసిన ప్రీ వెడ్డింగ్ షూట్లన్నీ తిరగేశాం. చూశాక కొన్ని పద్ధతులు మార్చేద్దామనుకున్నాం. శ్రావణంలో తాంబూలాలు పెట్టుకుని మా దగ్గర తేదీ తీసుకున్నవాళ్లు ఇప్పటికే కొందరున్నారు. వాళ్లకి ముందే చెప్పడం న్యాయం కాబట్టి రాస్తున్నాను.

మొదట మా తప్పు చెబుతాను. కిందటేడు మే నెలలో ఒక జంట వచ్చారు. అమ్మాయిది హైదరాబాదులో ఉద్యోగం, అబ్బాయిది బెంగళూరు. ఇద్దరికీ కలిసి దొరికింది రెండు రోజుల సెలవు. అప్పట్లో మా ప్యాకేజీ ఒక్క రోజులో నాలుగు చోట్లు, ఐదు జతల బట్టలు. తెల్లవారుజామున కొవ్వూరు గోష్పాద క్షేత్రం, తర్వాత కడియపులంక నర్సరీలు, మధ్యాహ్నం దిండి కొబ్బరితోటలు, సాయంత్రం మళ్లీ రాజమండ్రి వచ్చి పుష్కరాల రేవు. మేకప్ కోసం ఆ అమ్మాయి రాత్రి మూడింటికే లేచింది. దిండిలో మిట్టమధ్యాహ్నం, బరువైన లెహంగాలో, కళ్లు తిరిగి కొబ్బరిచెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. వాళ్లమ్మగారు కొంగుతో విసురుతున్నారు. ఆ సమయంలో నేను అన్న మాట, "ఇంకో ఇరవై నిమిషాలు ఓర్చుకో అమ్మా, అయిపోతుంది." వెలుగు పోతోందన్న కంగారు తప్ప ఆ పిల్ల మొహం నాకు కనబడలేదు. అబ్బాయే "ఇక చాలండి" అని ఆపించాడు.

వెయ్యికి పైగా ఫొటోలు వచ్చాయి. రంగులు బాగున్నాయి, ఫోకస్ బాగుంది. వారం తర్వాత ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, ఏ ఫొటో చూసినా ఇంటికి ఎప్పుడెళ్తామా అని చూస్తున్నట్టే ఉన్నాను. మా అత్తగారికి ఇవి ఎలా చూపించను?" అంది. నాకు మాట రాలేదు. సగం డబ్బు తిరిగి ఇచ్చాం. పెళ్లి డిసెంబరులో కాబట్టి, అప్పుడు వచ్చినప్పుడు మళ్లీ తీస్తాం, రూపాయి ఇవ్వక్కర్లేదు అని చెప్పాను.

డిసెంబరులో వచ్చారు. ఒక్క చోటు, రెండు జతలు, గంటన్నర పని. కొవ్వూరు రేవుకి చేరేసరికి ఇంకా చీకటిగానే ఉంది. మెట్లు మంచుకి తడిసి జారుతున్నాయి. అమ్మాయి చెప్పులు విప్పేసింది. అబ్బాయి ఒక చేత్తో ఆ చెప్పులు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్ లైటు మెట్ల మీదకి వేస్తూ ముందు దిగుతున్నాడు. ఆమె ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, ఇంకో చెయ్యి అతని భుజం మీద వేసింది. మేమింకా షూట్ మొదలెట్టనేలేదు. నేను కెమెరా సర్దుకుంటూ తీసిన ఫొటో అది, కొంచెం మసగ్గా కూడా ఉంటుంది. పెళ్లినాడు కల్యాణమండపం గుమ్మం దగ్గర వాళ్లు పెద్దది చేయించి పెట్టుకున్నది ఆ ఫొటోనే.

అందుకని ఇకమీదట పూట షూటే. రెండు చోట్లు, రెండు జతల బట్టలు, నాలుగు గంటలు మించదు. రోజుకి ఒక్క జంటనే తీసుకుంటాం. ఇంతకుముందు రోజంతటికీ 32,000 తీసుకునేవాళ్లం, ఇప్పుడు పూటకి 24,000. పని సగమైతే రేటు కూడా సగం కావాలి కదా అని ఇప్పటికే ఇద్దరు అడిగారు. షూట్‌కి ముందు మీతో ఒకసారి కూర్చుంటాం, చోటు ముందుగా వెళ్లి చూసొస్తాం, ఫొటోలన్నీ నేనే స్వయంగా దిద్దుతాను. ఆ పని తగ్గలేదు, పెరిగింది. ఈ రేటు కష్టమైన వాళ్లకి ఒక్క చోటు, ఒక్క జతతో 14,000ది ఉంది. మేకప్ మనిషి ఖర్చు దేనిలోనూ కలపలేదు.

ఆ ముందు కూర్చోవడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. షూట్‌కి వారం ముందు ఇద్దరూ ఒక గంట స్టూడియోకి రండి. మామూలు బట్టల్లో, తల దువ్వుకుని వస్తే చాలు. ఓ ఇరవై ఫొటోలు తీసి పెద్ద తెర మీద చూపిస్తాను. "నేను నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయి", "ఈ వైపు నుంచి బాగోను" అని ప్రతివాళ్లకీ లోపల ఏదో ఒకటి ఉంటుంది. అది ఆ గంటలో బయటికి వచ్చేస్తే షూట్ రోజున దాన్ని దాచుకునే అవస్థ ఉండదు. కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు అవి తప్పకుండా తెండి. ఎండకి నల్లబడే అద్దాలైతే బయట మీ కళ్లే కనిపించవు. అదే ఫ్రేముకి మామూలు అద్దాలు వేయించుకోడానికి వారం సరిపోతుంది.

అదే రోజు అమ్మాయితో విడిగా, అబ్బాయితో విడిగా ఐదేసి నిమిషాలు మాట్లాడతాను. మన వైపు ఇప్పటికీ చాలా సంబంధాలు పెద్దలు కుదిర్చినవే. పెళ్లిచూపుల్లో ఒకసారి, తాంబూలాలప్పుడు ఒకసారి చూసుకుని, మూడోసారి నా కెమెరా ముందే కలిసినవాళ్లు ఎంతోమంది. వాళ్లని పట్టుకుని "దగ్గరికి జరగండి, నుదుటికి నుదురు ఆనించండి" అని అరవడం ఎంత తప్పో నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లే పట్టింది. పక్కపక్కన కూర్చుంటే చాలు అని ఒకరనుకుంటే, రీల్స్‌లో చూసినట్టు ఉండాలని ఇంకొకరికి ఉంటుంది. ఇద్దరిలో ఎవరికి తక్కువ చనువు ఇష్టమో మేం వారి లెక్కలోనే తీస్తాం. ఆ మాట ఎవరన్నారో రెండోవాళ్లకి చెప్పం. తోడు వచ్చిన అమ్మగారు, పెద్దమ్మగారు, తమ్ముడు కూడా ఉండొచ్చు, సంతోషంగా ఉండండి. కాకపోతే కెమెరా వెనక నిలబడి "నవ్వవే" అనకండి. ఆ మాట వినగానే ఏ పిల్ల మొహమైనా బిగుసుకుపోతుంది.

విదేశాల నుంచి వచ్చే అబ్బాయిలు, అమ్మాయిలు వీడియో కాల్‌లో కూర్చోవచ్చు. అమెరికా నుంచి దిగిన మొదటి మూడు రోజుల్లో మాత్రం షూట్ పెట్టుకోవద్దు. నిద్ర తేడాకి కళ్లు ఉబ్బి ఉంటాయి, దాన్ని ఎడిటింగులో సరిచేస్తే మనిషి మారిపోయినట్టు ఉంటుంది.

ఇక వెలుగు సంగతి. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది. కాబట్టి మన పుష్కరాల రేవులో నిలబడితే సాయంత్రం సూర్యుడు నది మీదకి దిగుతాడు. ఉదయం నీళ్ల మీద ఎండ కావాలంటే వంతెన దాటి కొవ్వూరు వెళ్లాల్సిందే. మేలో ఐదున్నరకే పొద్దు పొడుస్తుంది, డిసెంబరులో 6:20 దాటుతుంది. మొహం మీద వెలుగు మెత్తగా ఉండేది ఆ తర్వాత ముప్పావుగంట, మహా అయితే గంట. ఎండ నెత్తిమీదకి వస్తే కళ్ల కింద గుంటలు పడ్డట్టు నీడలొస్తాయి. "ఆరింటికి అంటే ఏడింటికి వస్తారులే" అని మేం టైము ముందుకి జరిపి చెప్పడం మానేశాం. చెప్పిన టైమే అసలు టైము.

శ్రావణంలో గోదావరికి ఎర్రనీరు వస్తుంది. నీలంగా ఉండే నది కావాలంటే కార్తీకం దాకా ఆగాలి. నాకైతే ఆ ఎర్రనీటి ముందు గంధం రంగు చీర చాలా ఇష్టం, ఒకసారి ఆలోచించండి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులు దాటి మొదటి ప్రమాద హెచ్చరిక వేస్తే, అది తీసేదాకా రేవుల్లో షూట్ పెట్టం. తేదీ మారుస్తాం, అడ్వాన్సు అలాగే ఉంటుంది. పైగా 2027లో పుష్కరాలు కాబట్టి ఏ రేవులో ఎప్పుడు పనులు మొదలవుతాయో మన చేతిలో లేదు. అందుకే ముందురోజు సాయంత్రం మా తమ్ముడు వెళ్లి చూసి మీకు ఫొటో పంపిస్తాడు.

బట్టలు కొనకముందే నాకు ఒక మెసేజ్ పెట్టండి. సన్న గళ్లు, సన్న చారల చొక్కాలు వద్దు. వీడియోలో ఆ గుడ్డ మీద అలల్లాంటి గీతలు కదులుతాయి, పూర్తిగా తీసెయ్యడం మా వల్ల కాదు. బాగా మెరిసే చిలకపచ్చ, ముదురు గులాబీ రంగులు ఎండలో గడ్డం కింద చర్మం మీదకి పడతాయి. ఇద్దరూ ఒకే రంగు వేసుకోవాలన్న నియమం ఏమీ లేదు. ఆమె చీర అంచులో ఉన్న ఏదో ఒక రంగు అతని చొక్కాలో ఉంటే చాలు. నది దగ్గరికి ఉప్పాడ చీర లాంటి తేలికది అయితే గాలికి అందంగా లేస్తుంది, బరువైన పట్టుచీర అయితే కదలదు. చీర మడతల గీతలు కెమెరాకి బాగా కనిపిస్తాయి కాబట్టి ఇస్త్రీ చేయించి హ్యాంగర్‌కి వేసుకుని రండి. పిన్నీసులు, సూదీదారం నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. అబ్బాయిలు జేబుల్లోంచి ఫోను, పర్సు, బండి తాళాలు తీసి తమ్ముడికి ఇచ్చేయండి.

ఫేషియల్ వారం ముందే చేయించుకోండి, ముందురోజు చేయించుకుంటే మొహం ఎర్రగా కందిపోయి ఉంటుంది. హెయిర్ కటింగ్ నాలుగైదు రోజుల ముందు. గోరింటాకు కావాలనుకుంటే రెండు రోజుల ముందు పెట్టుకుంటే ఆ రోజుకి బాగా పండుతుంది. సన్నగా కనబడాలని ముందురోజు నుంచి తిండి మానేసి రాకండి తల్లీ. దిండిలో ఆ అమ్మాయి కూడా పొద్దున్నుంచి రెండు బిస్కెట్లు తిని ఉంది, ఆ సంగతి నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. బండిలో ఇడ్లీలు, మజ్జిగ మావి. ఇంకొక మాట, అమ్మాయిలకి. తేదీ దగ్గరికొచ్చాక నెలసరి వచ్చి ఒంట్లో బాగోకపోతే నాకు నేరుగా మెసేజ్ పెట్టండి. కారణం ఎవరికీ చెప్పకుండా తేదీ జరుపుతాను, దానికి డబ్బేమీ కోయం.

కొన్నిటికి మాత్రం ఎంత అడిగినా ఒప్పుకోం. రైలు పట్టాల మీద తీయం. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది అతిక్రమణ, ఆరు నెలల దాకా జైలు ఉంది. అంతకంటే ముందు, అది ప్రాణాల మీదకి తెచ్చుకోవడం. 1997లో రైళ్లు ఆగిపోయిన హేవలాక్ వంతెన దూరం నుంచి ఫొటోలో చాలా బాగా వస్తుంది, అలా తీద్దాం. పడవలో అయితే లైఫ్ జాకెట్ వేసుకునే కూర్చోవాలి. ఫొటోలో బాగోదని విప్పించమంటే పడవ షూటే మానేస్తాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం ఈ జిల్లాలో ఎవరమూ మర్చిపోలేదు. డ్రోన్ మేం సొంతంగా ఎగరేయడం ఆపేశాం. మా దగ్గరున్న సైజు డ్రోన్‌ని డబ్బు తీసుకుని ఎగరేయాలంటే రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి, మాకు లేదు. కావాలంటే సర్టిఫికెట్ ఉన్నవాళ్లని పిలిపిస్తాం, వాళ్ల బిల్లు మీకు విడిగా చూపిస్తాం.

చివరిది, నన్ను చాలా బాధపెట్టినది. ఒక జంట షూట్ అయిన పది రోజులకి మేం మా పేజీలో రీల్ పెట్టాం. వాళ్లే పెట్టమన్నారు. తర్వాత రెండు నెలలకి ఆ సంబంధం చెడిపోయింది. అమ్మాయి అన్నగారు రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "తీసేయండమ్మా, వేరే సంబంధం వాళ్లు చూస్తున్నారు" అన్నారు. మేం ఆ రాత్రే తీసేశాం గానీ, అప్పటికే అది వేరే పేజీల్లోకి వెళ్లిపోయింది. ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టి బతిమాలి తీయించడానికి మూడు వారాలు పట్టింది. ఇకమీదట పెళ్లి అయిపోయేదాకా మీ ఫొటో ఒక్కటి కూడా మా పేజీలో రాదు. పెళ్లయ్యాక కూడా ఇద్దరూ సంతకం పెడితేనే. సంబంధం నిలవకపోతే మాకు ఫోన్ చేయండి చాలు. ఎందుకని అడగం, మా దగ్గరున్న కాపీలన్నీ చెరిపేస్తాం, ఆల్బమ్ ప్రింటుకి వెళ్లకపోతే దాని డబ్బు తిరిగి ఇస్తాం.

పాత ప్యాకేజీకి అడ్వాన్సు ఇచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. మీకు రోజంతా కావాలంటే మాటిచ్చినట్టే తీస్తాం, కానీ రెండు రోజులుగా, రెండు ఉదయాలు. అదనంగా ఏమీ తీసుకోం. పూటకి మారదామనుకుంటే మిగిలిన డబ్బు వెనక్కి ఇస్తాం. ఈ ఆదివారం లోపు ఏది కావాలో చెప్పండి. ఆదివారాలు శ్రావణమంతా నిండిపోయాయి, మంగళ, బుధవారాలు ఖాళీ ఉన్నాయి. ఆ రోజుల్లో రేవు కూడా నిర్మానుష్యంగా ఉంటుంది. ఉదయం పది దాటాక ఫోన్ చేయండి, అంతకుముందు నేను గట్టు మీద ఉంటాను.