సిరాబుడ్డి కట్టుకున్న మనిషి

కర్నూలు,
ఆదివారం రాత్రి

మామా,

ప్రభువు నామంలో వందనాలు. నీ ఉత్తరం మంగళవారమే అందింది. ఈరోజు ఆరాధన నుంచి వచ్చాక మళ్లీ తీసి చదివాను. కడపలో మీ వీధి పిల్లోడు క్రికెట్ బెట్టింగులో అమ్మ మెడలో గొలుసు దాకా పోగొట్టడం, ఓటుకు డబ్బు తీసుకున్నవాళ్లే మరుసటి ఆదివారం ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి, రావడం చూసి కడుపు మండిపోతోందని రాశావు. పాపం పండిన సొదొమ పట్టణం మీద అగ్ని కురిపించిన దేవుడు ఇప్పుడెందుకు ఊరకున్నాడని అడిగావు.

ఆయన ఊరకున్నాడని నేను అనుకోను మామా. తీర్పు ఉంది, నేను నమ్ముతాను. కానీ అది ఫలానావాళ్ల మీదికి వచ్చిందని వేలు చూపించాలంటే నాకు భయం. ఆ భయం వరదప్పటి నుంచి ఉంది.

2009 అక్టోబర్ 2 నీకూ గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. మెట్టు మెట్టుకూ నీళ్లు ఎక్కుతుంటే అమ్మను ఎత్తుకుని పక్కింటి భాయ్ వాళ్ల మేడ మీదికి పోయాం. ఉన్న కాసిన్ని బియ్యం వండి ముందు మా అమ్మకే పెట్టారు వాళ్లు. నీళ్లు తీసేసరికి ఇంట్లో మోకాలి లోతు బురద. అమ్మ బైబిలు తడిసి, పేజీలన్నీ అంటుకుపోయి ఇటుకలా అయింది. కొన్నాళ్లకు ఒక ప్రసంగీకుడు వచ్చి, ఈ ఊరి పాపం పండింది కాబట్టే వరద వచ్చిందని గట్టిగా చెప్పాడు. అందరం ఆమేన్ అన్నాం. అమ్మ అనలేదు. ఇంటికొచ్చాక, "మనకు అన్నం పెట్టినోళ్ల ఇల్లు కూడా మునిగింది కదా, వాళ్లేం చేసినారు నాయనా?" అంది.

తర్వాత లూకా సువార్త 13వ అధ్యాయం చదువుతుంటే ఆ మాటే ఎదురొచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు. యెరూషలేములో ఉన్నవాళ్లందరి కంటే వాళ్లే పాపులనుకుంటున్నారా అని యేసు అడిగాడు, కాదని ఆయనే చెప్పాడు. మీరు మారుమనసు పొందకపోతే మీరూ అలాగే నశిస్తారని వెంటనే అన్నాడు. చచ్చినవాళ్ల లెక్క తీయబోయినవాళ్లను వాళ్ల లెక్కే చూసుకోమన్నాడు.

బైబిల్లో యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 9వ అధ్యాయం ఒకసారి తీసి చూడు. నారబట్టలు కట్టుకున్న ఒక మనిషి, నడుముకు సిరాబుడ్డి. ఊళ్లో జరిగే హేయమైన పనులు చూసి మూలుగుతూ ఏడ్చేవాళ్ల నొసట గురుతు వేసుకుంటూ పోతాడు. నేను లెక్కలు రాసి బతికేవాణ్ణి కదా, ఆ సిరాబుడ్డి దగ్గరే నా కళ్లు ఆగిపోయాయి. ఆ గురుతు లేనివాళ్లను సంహరించడానికి అతని వెనకే పోయేవాళ్లకు దేవుడు చెప్పిన మాట చూడు: నా పరిశుద్ధ స్థలం దగ్గరే మొదలుపెట్టండి. మందిరం ముందున్న పెద్దలతోనే మొదలైంది.

నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఇప్పుడు చెప్తాను. నేను పనిచేసే మండీలో రైతు ఉల్లిగడ్డలు తెస్తే తరుగు కింద తూకంలో కొంత కోత పెడతారు. కుళ్లు ఉంటే సరే. గడ్డ బాగున్నా కోయమనేవాడు యజమాని. చీటీ మీద రాసే చెయ్యి నాది. ఆదివారం కొలతల్లో మోసం చేసేవాళ్ల మీద ఆమోసు ప్రవక్త పలికిన మాటలు సంఘంలో నేనే చదివాను. సోమవారం పొద్దున నేనే తరుగు రాశాను. ఏళ్ల తరబడి ఇదే వరస. పోయిన ఉగాది ముందు ఒక ముసలాయన చీటీ చేతిలో పట్టుకుని, "సామీ, సంచికి ఇంత పోతే నాకేం మిగులుతాది?" అని అడిగాడు. కసిరింటే బాగుండు, చేతులు జోడించినాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పోయి, బాగున్న సరుకుకు తరుగు రాయనని యజమానికి చెప్పాను. ఉద్యోగం పోతుందేమోనని ఒకటే టెన్షన్. తీసెయ్యలేదు కానీ గోడౌన్‌లోకి మార్చాడు, జీతం తగ్గించాడు. మీ చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు పాలు ఒక ప్యాకెట్ తగ్గించి తెచ్చుకుంది, అంతే. తరుగు ఇప్పుడు ఇంకొకడు రాస్తున్నాడు మామా, రైతుకు ఒరిగింది ఏమీ లేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అందుకే నీ కోపం తప్పని అనను. సంఘం మానేస్తానని రాశావే, అది మాత్రం వద్దు. బల్ల దగ్గరికి వచ్చినవాళ్ల పేర్లు పెట్టి నలుగురిలో అరవకు, ఒక్కొక్కరి ఇంటికి పోయి మాట్లాడు. ఆ బెట్టింగు పిల్లోడి అమ్మ దగ్గరికి ఎవరైనా పోయినారా? నువ్వు, అక్క కలిసి పోండి. వాడు దొరికితే తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకో. అప్పులోళ్లు ఎవరో, ఎంతో కనుక్కుని రాయి. నా దగ్గర పెద్దగా ఏం లేదు గానీ వచ్చే నెల ఎంతో కొంత పంపగలను.

అమ్మ నిన్ను అడుగుతూ ఉంటుంది. ఇటుకలా అయిన ఆ బైబిలు ఇంకా బీరువా మీదే ఉంది, పారేయనివ్వదు.

నీ
మామ