ఫ్లూ టీకా ఎవరికి కావాలో వాళ్లకే అందడం లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీ నిండా జ్వరాల వార్తలే. వాటితోపాటు "ఫ్లూ సూది వేయించుకోవాలా, వద్దా?" అని అడిగేవాళ్లూ పెరిగారు. ప్రకాశం జిల్లాలో ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి వీధిలోవాళ్లు నా దగ్గరికే వస్తారు. అందరికీ ఒకే జవాబు చెప్పలేను, అది మనిషిని బట్టి ఉంటుంది. అలా మనిషిని చూసి చెప్పే ఏర్పాటు మన ప్రభుత్వాసుపత్రుల్లో లేకపోవడమే నా బాధ.

ఏ జబ్బూ లేని ముప్పై ఏళ్లవాడికి ఫ్లూ వస్తే సాధారణంగా వారం రోజులు పడుకుని లేస్తాడు. టీకా వేయించుకుంటే మంచిదే, డబ్బుల్లేక ఈ ఏడాది మానుకున్నా టెన్షన్ పడక్కర్లేదు. చీమకుర్తిలో గ్రానైట్ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైన కార్మికుడి సంగతి అలా కాదు. కనిగిరి వైపు కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్ల సంగతీ అంతే. షుగర్, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లకు, 65 దాటినవాళ్లకు ఫ్లూ న్యుమోనియాలోకి దిగే ప్రమాదం ఎక్కువ. వీళ్లకు టీకా మంచిదని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ ఆ కాగితం పల్లె దాకా రాలేదు.

గర్భిణుల విషయం ఇంకొంచెం వివరంగా చెప్పాలి. "కడుపుతో ఉన్న పిల్లకి ఇంకో సూదా నర్సమ్మా, బిడ్డకేమన్నా అయితే?" అని అత్తగార్లు భయపడతారు. ధనుర్వాతం టీకా ఎలా వేయిస్తున్నారో ఇదీ అలాంటిదే, ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. ఆరు నెలలు నిండని బిడ్డకు ఫ్లూ టీకా వేయరు. ఆ పసికందుకు ఉన్న రక్షణల్లా తల్లి ఒంట్లోంచి వచ్చేదే. ఈ ఒక్క మాట చెబితే చాలామంది అత్తగార్లు తామే కోడలిని తీసుకొస్తారు.

టీకా గురించి లేనిపోనివి చెప్పకూడదు కూడా. ఆ ఏడాది తిరిగే వైరస్‌కు టీకా బాగా సరిపోయినప్పుడు కూడా డాక్టరు దాకా వెళ్లాల్సిన ఫ్లూని 40 నుంచి 60 శాతం దాకానే తగ్గిస్తుంది. వేయించుకున్నా ఫ్లూ రావచ్చు, వస్తే ఆసుపత్రిలో చేరేంత ముదరకుండా చాలామందిని కాపాడుతుంది. మామూలు జలుబును, డెంగీని ఆపదు. "సూది వేశాకే జ్వరం పట్టుకుంది" అనేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: సూదిలో ఉండేది బతికున్న వైరస్ కాదు, దానితో ఫ్లూ రాదు. చెయ్యి నొప్పి, ఒకటి రెండు రోజులు ఒళ్లు వెచ్చబడటం మామూలే. రక్షణ రావడానికి రెండు వారాలు పడుతుంది, ఈలోగా అంటుకున్నదాన్ని టీకా ఆపలేదు. అందుకే వానలకు ముందే వేయించుకోవడం మేలు. వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా ఫిబ్రవరిలో, సెప్టెంబరులో టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతుంది. నిరుడు వేయించుకున్నది ఈ ఏడాదికి పనికిరాదనుకోవాలి.

ఇదివరకు ఈ టీకాతోనే తీవ్రమైన ఎలర్జీ వచ్చినవాళ్లు మళ్లీ వేయించుకోకూడదు. టీకా తర్వాత కొద్ది వారాల్లో గులియన్ బారీ అనే నరాల జబ్బు వచ్చినవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ముందుకు వెళ్లొద్దు. గట్టి జ్వరం ఉంటే తగ్గేదాకా ఆగాలి.

ఇక అసలు చిక్కు డబ్బుది. ఈ టీకా ప్రభుత్వం అందరికీ ఉచితంగా వేసే టీకాల జాబితాలో లేదు. ప్రైవేటులో వెయ్యి రూపాయలకు తక్కువ దొరకడం కష్టం. దాంతో ఒంగోలు, నెల్లూరు లాంటి టౌన్లలో జబ్బూ గిబ్బూ లేని కుటుంబాలు ఏటా వేయించుకుంటున్నాయి, కూలి చేసుకునే షుగర్ పేషెంటుకు దాని పేరే తెలియదు. 2009లో దేశమంతా భయపెట్టిన స్వైన్ ఫ్లూ వైరసే ఇప్పుడు మామూలు సీజన్ ఫ్లూలలో ఒకటై ఏటా తిరుగుతోంది. అప్పట్లో అంత హడావుడి చేసినవాళ్లం ఇప్పుడు దాన్ని పట్టించుకోవడం మానేశాం.

కొత్తగా సర్వేలు అక్కర్లేదు. బీపీ, షుగర్ ఉన్నవాళ్ల పేర్లు ఆశా కార్యకర్తల దగ్గర ఉన్నాయి, గర్భిణుల పేర్లు ఏఎన్ఎం రిజిస్టర్లో ఉన్నాయి. ప్రకాశం, నెల్లూరు జిల్లాల కలెక్టర్లు, వైద్యాధికారులు ముందు డయాలసిస్ కేంద్రాల్లో, గర్భిణుల పరీక్షల రోజుల్లో ఉచితంగా మొదలుపెట్టాలని కోరుతున్నాను. నెల్లూరు రొట్టెల పండుగకు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, అక్కడ వైద్య శిబిరాల్లో పనిచేసే సిబ్బందికి కనీసం రెండు వారాల ముందే టీకా వేయాలి. ఎవరికి అవసరమో, ఎవరు ఆగాలో తెలుగులో రాసి ప్రతి పీహెచ్‌సీ గోడకు అంటించడానికి పెద్ద ఖర్చేమీ కాదు, అది ఈ నెలలోనే చేయవచ్చు.

ఇట్లు,
ఆరోగ్యశాఖ విశ్రాంత ఉద్యోగిని, ఒంగోలు