గొయ్యి అంచున కాదు, ముందే హెచ్చరించండి: రహదారుల శాఖ ఇంజినీరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఇంజినీరు గారికి,

నమస్కారం. రోడ్డు విస్తరణ పనులపై మీ కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ఎదుట ఈ లేఖ రాయవలసి వస్తోంది.

తవ్విన గొయ్యికి రెండడుగుల ముందు ఒక డ్రమ్ము, దానికి కట్టిన ఎర్ర గుడ్డ. ప్రస్తుతం ఉన్న ఏర్పాటు ఇంతే. చీకటి పడితే ఆ గుడ్డ కనిపించదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం, డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బ్రేకు వేసేలోపే, అంటే సుమారు రెండున్నర సెకన్లలో, 40 మీటర్లు దాటేస్తుంది. ఆగడానికి పట్టే దూరం దానికి అదనం. ఆ గోతిలో పడి కాలు విరిగిన కొరియరు యువకుడు ఇంకా పనికి వెళ్లలేకపోతున్నాడు.

ముందస్తు హెచ్చరిక, ఏటవాలుగా కోన్లు పేర్చి వాహనాలను పక్క వరుసలోకి మళ్లించే భాగం, పనిచోటు, తిరిగి మామూలు దారిలో కలిసే భాగం: ఈ నాలుగూ పలుగు నేలను తాకకముందే కాగితం మీద ఉండాలి. కోన్లకూ కూలీలకూ మధ్య ఖాళీగా వదలవలసిన జాగాలో కంకర పోశారు. అదుపు తప్పిన లారీకి అక్కడ చోటేది? పాదచారుల సంగతి ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ట్రాఫిక్ ప్రణాళికను ఆమోదించి పనిచోట ప్రదర్శించే వరకు తదుపరి తవ్వకం ఆపించండి. కాంతిని ప్రతిఫలించే బోర్డులు, రాత్రి దీపాలు, నడకదారి ఏర్పాటు చేయించండి. రాత్రి తనిఖీకి బాధ్యుడైన అధికారిని నియమించి, లిఖితపూర్వకంగా జవాబు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఈ దారిన రోజూ వెళ్లే ఒక పౌరుడు