జవాబు కార్టూన్‌కు సింగిల్ కాలమ్ ఇవ్వండి

సంపాదకులకు,

విజయనగరం కాలేజీల గోడపత్రికల్లో వ్యాసాలు చదివేవాళ్లు తక్కువ. కార్టూన్ దగ్గర మాత్రం గుంపు ఉంటుంది. ఇద్దరు కార్టూనిస్టులు ఒకరినొకరు గిల్లుకుంటున్న వారమైతే మరీను. ఈ గిల్లికజ్జాను క్రమశిక్షణ పేరుతో ఆపేసే లెక్చరర్లున్నారు. ఆపొద్దని వారికీ, జిల్లా పేజీలో కాస్త చోటివ్వమని మీకూ మా మనవి.

మంచి కజ్జా ఇలా నడుస్తుంది. ఒకబ్బాయికి చేతులు గీయడం రాదు. అందుకని అతని హీరో ఎప్పుడూ జేబుల్లో చేతులు పెట్టుకునే ఉంటాడు. పోటీ అమ్మాయి అది పట్టేస్తుంది. ఆ హీరోని టిఫిన్ హోటల్లో కూర్చోబెడుతుంది: ముందు ఇడ్లీ ప్లేటు, చేతులు జేబుల్లో, పక్కన సర్వర్. ‘ఏటి బాబూ, నోట్లో కూడా మమ్మల్నే ఎట్టమంతావేటి?’ మరుసటి వారం జవాబు వస్తుంది. ఆ అమ్మాయి గీసే మామ్మ పాత్ర పిట్టగోడ వెనకనుంచి తప్ప ఎన్నడూ కనిపించదు. ఆ మామ్మ చుట్టూ పన్నెండు చేతులు, ఒక్కోటీ ఒక్కో భంగిమలో. ‘ఇయిగో సేతులు. నీ కాళ్లేవే మామ్మా?’ ఆ పన్నెండు చేతులు గీయడానికి కుర్రాడు వారమంతా అద్దం ముందు కూర్చోవాల్సిందే. డ్రాయింగ్ క్లాసు ఇంత పని చేయించలేదు.

కజ్జా చెడేది ఎక్కడంటే, గీత వదిలేసి మనిషి మీద పడ్డప్పుడు. ఒళ్లు, కులం, ఇల్లు, ప్రేమలు, వీటి జోలికి వెళితే ఆ బొమ్మ బోర్డు ఎక్కకూడదు. రెండో జబ్బు, ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ అర్థం కాకపోవడం. దీనికి మందు సులువు: జవాబు బొమ్మ మూలన పాత బొమ్మను అగ్గిపెట్టెంత గీసి పెట్టాలి. అయిదో విడతకి సరుకు అయిపోతుంది, అక్కడ ఆపేయాలి. ఇంకో మాట, యాస పాత్ర మాట్లాడే భాషగా ఉండాలి. యాసే జోకు అనుకునే బొమ్మలు మనమీద బయటివాళ్లు వేసినవి చాలానే ఉన్నాయి, మన పిల్లలు కూడా ఎందుకు?

పాత్రలు మార్చుకుని గీయడం కూడా మంచి ఆట. 1997 ఏప్రిల్ 1న అమెరికా పత్రికల్లో స్ట్రిప్‌లు, అంటే వరస గళ్లలో సాగే బొమ్మలు, గీసే 46 మంది కార్టూనిస్టులు ఒకరి స్ట్రిప్ ఒకరు గీసి పాఠకుల్ని ఏప్రిల్ ఫూల్ చేశారు. ట్రేసింగ్ పనికిరాదు. ఎదుటివాడి పాత్ర మన గీతలోకి రావాలి, అయినా గుర్తుపట్టాలి.

గోడ మీద బాగున్న బొమ్మ పేపర్లో చచ్చిపోయేది ఎక్కువగా కొలతల వల్ల. గోడ మీది బొమ్మని నాలుగడుగుల దూరం నుంచి చదువుతారు. మీ సింగిల్ కాలమ్ వెడల్పు 5 సెంటీమీటర్లకి అటూ ఇటూ. అందుకని 10 సెంటీమీటర్ల వెడల్పుతో గీసి సగానికి తగ్గించాలి. గీతలతో నీడలు వేసేటప్పుడు గీతకీ గీతకీ మధ్య కనీసం మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. లేకపోతే న్యూస్‌ప్రింట్ మీద సిరా పాకి అంతా నల్లమచ్చ అవుతుంది. పల్చటి జిరాక్స్ కాగితం మీద స్కెచ్ పెన్ను ఊరిపోతుంది, మందపాటి డ్రాయింగ్ షీటు మేలు. ఇండియన్ ఇంకు వానాకాలంలో త్వరగా ఆరదు. తడి మీద రబ్బరు పెడితే పెన్సిలుతో పాటు ముఖం కూడా పోతుంది.

తెలుగు మాటలకి ఇంకో చిక్కుంది. పైన గుడులు, కింద వత్తులు. ‘స్త్రీ’ లాంటి అక్షరం కింద అంతస్తు కూడా అడుగుతుంది. మాటల బుడగని ముందే గీసి మాటలు అందులో కుక్కితే వత్తులు కింది వరుస నెత్తిన కూర్చుంటాయి. ముందు మాటలు రాయాలి, తర్వాత వాటి చుట్టూ బుడగ. మాటలు పన్నెండు దాటాయంటే జోకు ఇంకా ఉడకలేదన్నమాట.

ఫోన్లో తీసిన ఫొటోలో కాగితం బూడిదరంగుకి తిరుగుతుంది, చేతినీడ పడుతుంది. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి, వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగానే పంపాలి. ఫొటోగా పంపితే నలిగిపోతుంది.

ఇక మీ వంతు. వారానికొకసారి పాత బొమ్మా, జవాబూ ఒకదాని కింద ఒకటి వేయండి. సింగిల్ కాలమ్ నిలువుగా ఉంటుంది కాబట్టి మన గంటస్తంభం, పైడితల్లి పండగ పొడవాటి సిరిమాను అందులో హాయిగా ఒదుగుతాయి. కోటగోడ గీసేవాడే తంటాలు పడాలి. చేత్తో రాసిన మాటలు తీసేసి కంప్యూటర్ (డీటీపీ) ఫాంటు పెట్టకండి. బహుమతులు కూడా పెట్టకండి. షీల్డు అన్న మాట వినపడగానే పిల్లలు కజ్జా మానేసి ‘చెట్లు నాటండి’, ‘నీరు పొదుపు చేయండి’ బొమ్మలు పంపుతారు.

– గోడపత్రికల బొమ్మలు దిద్దే ఇద్దరు,
విజయనగరం